సీఎఫ్ ఉన్నవాళ్లకు సైనస్ ప్రశ్నలు తగ్గించాలంటే: 22లో ఏవి ఉంచాలి, ఏవి తీయాలి

మహబూబ్‌నగర్‌లోని ఒక క్లినిక్ నుంచి వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇది. సిస్టిక్ ఫైబ్రోసిస్ (సీఎఫ్: ఊపిరితిత్తుల్లో, సైనస్‌లలో చిక్కటి జిగురు పేరుకునే, పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్నవాళ్లు అచ్చంపేట, కొల్లాపూర్, నారాయణపేట, దేవరకొండ దిక్కు నుంచి బస్సుల మీద క్లినిక్‌కు వస్తున్నారు. ముక్కు, సైనస్ బాధ కొలిచే స్నాట్-22 అనే 22 ప్రశ్నల కాగితాన్ని తెలుగులో చదివి వినిపిస్తే ఒక్కొక్కరికి 20 నిమిషాలు పడుతోంది. ఇప్పటికి పాతిక మంది లోపే జవాబులున్నాయి. వాటిలో మొత్తం స్కోరుతో బాగా కలిసిన ఆరు ప్రశ్నలు ఏరారు: అలసట, రాత్రి నిద్ర చాలకపోవడం, లేవగానే నీరసం, పని తగ్గడం, ధ్యాస కుదరకపోవడం, ముక్కు కారడం. ఈ ఆరింటి మొత్తానికీ 22 మొత్తానికీ కోరిలేషన్ (రెండు అంకెలు ఎంతగా కలిసి పెరిగి తగ్గుతాయో చెప్పే లెక్క, పూర్తిగా కలిస్తే 1) 0.9 దాటింది, ఇక ఇవే వాడుకోవచ్చా అని అడిగారు.

వాడొద్దు. కుదించాలన్న ఆలోచన మంచిదే, ఏరిన పద్ధతే తప్పు. ఆ ఆరింటిలో ముక్కు మాట ఒక్కటే ఉంది. పైనున్న శీర్షికను చేత్తో మూసి ఆ కాగితం ఎవరికైనా చూపించండి, రక్తం తక్కువున్నవాళ్ల కోసం రాసిందనుకుంటారు.

ఇట్లా ఎందుకైందో చెప్పుకుందాం. స్నాట్-22లో ముక్కు, దగ్గు, గొంతు కలిపి ఏడు ప్రశ్నలు: చీదాల్సి రావడం, ముక్కు మూసుకుపోవడం, తుమ్ములు, ముక్కు కారడం, దగ్గు, ముక్కు వెనక నుంచి గొంతులోకి దిగడం, చిక్కటి చీమిడి. చెవులు, తల తిరగడం, ముఖం నొప్పి కలిపి నాలుగు. వాసన, రుచి కలిపి ఒకటి. మిగతా పదీ నిద్ర, అలసట, మనసు. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 5, మొత్తం 110. అంటే మొత్తం స్కోరులో దాదాపు సగం బరువు ముక్కుతో నేరుగా సంబంధం లేని పది ప్రశ్నల మీదే ఉంది. ఆ పదీ ఒకదానితో ఒకటి గట్టిగా అల్లుకుని ఉంటాయి. రాత్రి నిద్ర పట్టనివాడు పొద్దున నీరసంగానే లేస్తాడు, పని చేయలేడు, చిరాకు పడతాడు. "మొత్తంతో ఏది ఎక్కువ కలుస్తుంది" అని అడిగితే ఆ గుంపే ముందుకొస్తుంది. పదిమంది అన్నదమ్ములున్న ఇంటి ఓట్లే ఎక్కువ పడినట్టు.

ఇక ఆ 0.9 సంగతి. ఆరు ప్రశ్నలు 22లో భాగమే, కాబట్టి భాగం మొత్తంతో కలవడంలో వింతేమీ లేదు. ఎంత మోసమో లెక్క వేసి చూడండి. 22 ప్రశ్నల క్రోన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నలన్నీ ఎంత ఒకే మాట చెబుతున్నాయో 1కి లెక్కగట్టే అంకె) 0.94 అనుకోండి. అప్పుడు ప్రశ్నల మధ్య సగటు కోరిలేషన్ 0.42 దగ్గర ఉంటుంది. అన్నీ సమానంగా కలుస్తున్నాయనుకుని, కళ్లు మూసుకుని ఏ ఆరు ప్రశ్నలు చీటీలేసి తీసినా మొత్తంతో కోరిలేషన్ 0.93 వస్తుంది. ఏరకుండానే! అందుకే ఏరిన ప్రశ్నలను వదిలిన ప్రశ్నల మొత్తంతో పోల్చాలి. అదే లెక్కలో ఆరింటికీ మిగతా పదహారింటికీ 0.86 వస్తుంది. అది కూడా వాటి గొప్ప కాదు, పక్కపక్కన అడిగిన ప్రశ్నల సహజ గుణం. పాతిక మంది లోపు జవాబులతో ఈ అంకెలు ఎటైనా ఊగుతాయి.

ఈ కాగితం చరిత్రలోనే ఒక హెచ్చరిక ఉంది. స్నాట్-22 కూడా కోసి అతికించినదే. 31 ప్రశ్నల పాత ప్రశ్నావళిని కుదించి 20 చేశారు, 2002లో దాని పరీక్ష ఫలితాలు అచ్చయ్యాయి. ఆ 20లో ముక్కు మూసుకుపోవడం లేదు, వాసన పోవడమూ లేదు. ముక్కు రోగి డాక్టరు దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఆ రెండింటికే. తర్వాత ఆ రెండూ చేర్చితే 22 అయింది. దాన్ని 2009లో బ్రిటన్‌లో పరీక్షించి, 8.9 మార్కుల తేడా ఉంటేనే రోగికి మార్పు తెలుస్తుందని తేల్చారు.

సీఎఫ్‌లో ఇంకో చిక్కు ఉంది, మామూలు సైనస్ రోగుల్లో ఇది ఇంతగా కనపడదు: ముక్కు గురించి అడిగితే ఊపిరితిత్తులు జవాబు చెబుతాయి. దగ్గు ప్రశ్నను చూడండి. సైనస్ రోగిలో దగ్గు అంటే చాలావరకు గొంతులోకి దిగే చీమిడి. సీఎఫ్ మనిషికి అది రోజూ ఉండేదే, ఛాతీ నుంచి వచ్చేదే. మొదటిసారి అడిగినప్పుడున్న ఛాతీ ఇన్ఫెక్షన్ రెండోసారికి తగ్గిపోతే దగ్గు మార్కు 4 నుంచి 1కి దిగుతుంది, ముక్కు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. మీ స్కోరు షీటులో "సైనస్ తగ్గింది" అని పడుతుంది.

అలసట వెనక ఛాతీ ఉండొచ్చు, తిండి ఒంటికి పట్టకపోవడం ఉండొచ్చు, రక్తహీనత ఉండొచ్చు, సీఎఫ్‌తో వచ్చే షుగరు ఉండొచ్చు. మన దిక్కు ఎండను కూడా లెక్కలోకి తీసుకోవాలి. సీఎఫ్ ఉన్నవాళ్ల చెమటలో ఉప్పు ఎక్కువగా పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ, పాలమూరు ఎండకు చేను పని చేసి వచ్చినవాళ్లకు తలనొప్పి, కండ్లు తిరుగుడు, కండరాలు పట్టేయడం, నీరసం అన్నీ ఉప్పు తగ్గడం వల్లే రావచ్చు. అదే మనిషిని జనవరిలో అడిగితే ఆ నాలుగూ ఉండవు. తుమ్ములు, నీళ్లలా కారే ముక్కు కోతల కాలంలో పెరుగుతాయి. మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్‌మిల్లుల్లో పనిచేసేవాళ్లకు ఊక దుమ్ముతో ఏడాది పొడుగునా ఉంటాయి. అందుకే ఫారం మీద తేదీ, చేసే పని తప్పకుండా రాయించండి. ఆ రెండు గడులకు అర నిమిషం కూడా పట్టదు, తర్వాత చాలా తలనొప్పి తప్పుతుంది.

తల తిరగడం, చెవి ప్రశ్నల విషయంలో జాగ్రత్త. అమికాసిన్, టోబ్రామైసిన్ లాంటి మందులు ఇంజెక్షన్‌గా పదేపదే తీసుకున్నవాళ్లకు లోపలి చెవి దెబ్బతిని వినికిడి తగ్గవచ్చు, నడకలో తూలవచ్చు. కాబట్టి ఈ ప్రశ్నలు సైనస్ స్కోరులోకి రాకూడదు, కానీ చెత్తబుట్టలోకీ పోకూడదు. ఫారం కింద గీత గీసి వేరుగా పెట్టండి: "చెవుల మోత, వినపడకపోవడం, నడుస్తుంటే తూలడం ఉన్నాయా? అవును / లేదు." మార్కు వద్దు. అవును అంటే వినికిడి పరీక్షకు పంపాలి. ప్రశ్నావళి కుదించేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పు ఇదే, స్కోరుకు పనికిరానిది వైద్యానికీ పనికిరాదనుకుంటారు.

మనసు ప్రశ్నలూ అంతే. సీఎఫ్‌లో 12 ఏళ్లు దాటినవాళ్లను ఏటా ఒకసారి పీహెచ్‌క్యూ-9 (దిగులు కొలిచేది), జీఏడీ-7 (ఆందోళన కొలిచేది) అనే ఫారాలతో చూడాలని 2016 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకం ఉంది. స్నాట్‌లోని "విచారం" ప్రశ్న ఆ పని చేయలేదు. దాన్ని సైనస్ కాగితం నుంచి తీసేసి, ఏటా ఒకసారి ఆ పని సరిగ్గా చేయండి.

ఇక రెండో చిక్కు. పుట్టినప్పటి నుంచి ముక్కు మూసుకునే ఉన్నవాడికి ముక్కు మూసుకుపోయిందని తెలియదు. సీఎఫ్ ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ సీటీలో సైనస్‌లు చెడిపోయే కనిపిస్తాయి, నుదుటి సైనస్‌లు సరిగ్గా పెరగనే పెరగవు, ముక్కులో పాలిప్స్ (మెత్తటి కండ బుడిపెలు) మామూలు. అయినా అడిగితే "ఏం లేదు సార్, మంచిగనే ఉంది" అంటారు. స్నాట్ స్కేలు అడిగేది "ఎంత బాధ" అని, "ఉందా లేదా" అని కాదు. అలవాటైనది బాధగా తోచదు, సున్నా పడుతుంది.

వాసన ప్రశ్నతో ఇది బాగా బయటపడుతుంది. "వాసన, రుచి తగ్గాయా" అంటే "లేదు" అంటారు, ఎప్పుడూ అంతే కాబట్టి ఏదీ తగ్గలేదు. "కూర అడుగంటితే ముందు ఎవరికి తెలుస్తది, నీకా, ఇంట్ల వేరేవాళ్లకా?" అని అడగండి. పక్కన కూర్చున్న అమ్మే ముందు నవ్వుతుంది. "పాలు పొంగినా, కూర మాడినా వీనికి సోయి ఉండదు" అంటుంది. పోపు వాసన, కిరోసిన్ వాసన, మక్క కంకులు కాలుస్తున్న వాసన గురించీ ఇట్లాగే అడగొచ్చు. ఇంకోటి: ఈ ప్రశ్నలో వాసన, రుచి ఒకే ముడిలో ఉన్నాయి. ఉప్పు, పులుపు, కారం తెలిసేవాడు రుచి తెలుస్తుంది అంటాడు, ఆ జవాబు వాసనను కప్పేస్తుంది. అడుగంటిన కూర ప్రశ్నకు మార్కు వేసి స్కోరులో కలపకండి. పక్కన విడిగా పెట్టండి. వంద మంది జవాబులు పోగైతే, స్కోరు సున్నా ఉండి కూడా వాసన తెలియనివాళ్లు ఎంతమందో అదే చూపిస్తుంది.

తెలుగు మాటల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, సగం పొరపాట్లు ఇక్కడే దొర్లుతాయి. ముక్కు వెనక నుంచి గొంతులోకి దిగే ప్రశ్నను చాలా అనువాదాల్లో "గొంతులో కఫం" అని రాస్తారు. పాలమూరులో చదివి వినిపించే మనిషి దాన్ని "గల్ల పడ్తదా?" అని అడుగుతాడు. సీఎఫ్ మనిషికి గల్ల అంటే ఛాతీ నుంచి దగ్గి ఉమ్మేది. అక్కడితో ఆ ప్రశ్న సైనస్ ప్రశ్న కాకుండా పోయింది, దగ్గు ప్రశ్నకు కవల అయింది. "ముక్కు ఎనుక నుంచి గొంతులకు జారుతున్నట్టు అనిపిస్తదా? మాటిమాటికి గొంతు సవరించుకోవాల్సి వస్తదా?" అని అడిగితే జవాబు మారుతుంది. "చిక్కటి స్రావం" అనే మాట ఎవరికీ ఎక్కదు, "చిక్కటి చీమిడి" అనండి, రంగు కూడా అడిగి పక్కన రాయండి. "విచారం"కు దగ్గర మాట "రంది", "ఇబ్బందిగా అనిపించడం" అన్నదానికి "నామోషి". అవి మీ పొట్టి ఫారంలో ఉండవనుకోండి, కానీ పూర్తి ఫారంతో పోల్చాలంటే అక్కడా మాటలు సరిగ్గా ఉండాలి కదా.

స్కేలు మెట్లు కూడా గండమే. చాలా కొంచెం, కొంచెం, మోస్తరు, ఎక్కువ అన్న వరుసలో 1కీ 2కీ తేడా చాలామంది పట్టించుకోరు. చదివేవాళ్లు విసిగి "రూపాయిల పావలా అంత ఉందా, అర్ధరూపాయంత ఉందా" అని అడగడం మొదలుపెడతారు. రోగికి బాగా అర్థమవుతుంది, ఒప్పుకుంటా. కానీ 0–5 ఆరు మెట్లు కాస్తా నాలుగైదు అవుతాయి, పక్క గదిలోని వాళ్లు అట్లా అడగకపోతే రెండు గదుల స్కోర్లు పోల్చలేం. ఆరు మెట్లూ పెద్ద అక్షరాలతో ఒక అట్ట మీద రాసి రోగి చేతికివ్వండి, వేలు పెట్టి చూపమనండి. దేవరకొండ తండాల నుంచి వచ్చే పెద్దవాళ్లకు పక్కనున్నవాళ్లు లంబాడీ భాషలో చెబితే ఆ సంగతి ఫారం మీద ఒక గడిలో రాయండి.

కుదించే ముందే ఒక నిర్ణయం తీసుకోవాలి: ఈ పొట్టి ఫారం ఎందుకు? ఈఎన్‌టీకి ఎవరిని పంపాలో ఏరడానికా, మందు వేశాక తగ్గిందో లేదో చూడడానికా? ఒకే ఫారం రెండు పనులకూ పనికి రాదు. లెక్క చూడండి. సగటు కోరిలేషన్ 0.42 దగ్గర ఉన్నప్పుడు ఏడు ప్రశ్నలకు ఆల్ఫా 0.83, ఐదింటికి 0.78, మూడింటికి 0.68 వస్తాయి. ఏడు ప్రశ్నల స్కోరు 35కి. దాని ఎస్‌డీ (మనిషికీ మనిషికీ స్కోర్లు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) 7 అనుకుంటే కొలత పొరపాటు 7 × √(1 − 0.83) = 2.9. ఒకే మనిషిలో నిజమైన మార్పు అని 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే దాన్ని 2.77తో గుణించాలి, 8 మార్కులు. 35లో 8 అంటే స్కేలులో 23 శాతం. పూర్తి 22కి ఎస్‌డీ 20, ఆల్ఫా 0.94 పెడితే అదే లెక్క 13.6, అంటే 110లో 12 శాతం. పొట్టి ఫారంతో ఒక మనిషి మార్పు చూడాలంటే దాదాపు రెట్టింపు మార్పు రావాలి. ఎస్‌డీలు ఉదాహరణకే, మీ జవాబులతో మళ్లీ వేయండి. వీలైతే ఆల్ఫాకు బదులు రెండుసార్లు అడిగి తెచ్చిన ఐసీసీ (రెండుసార్ల జవాబులు ఎంత ఒకటిగా ఉన్నాయో చెప్పే అంకె) వాడండి.

కాబట్టి నా సలహా: పొట్టి ఫారం ప్రతి విజిట్‌కు, జల్లెడలాగా. పూర్తి 22 ఏడాదికి ఒకసారి, ఇంకా ఆపరేషన్ ముందూ తర్వాతా.

ఇప్పుడు ఏరడం ఎట్లా. పాతిక మందితో ఫ్యాక్టర్ అనాలిసిస్ (ఏ ప్రశ్నలు గుంపులుగా కలుస్తాయో తేల్చే లెక్క) చేయొద్దు. 22 ప్రశ్నలకు ప్రశ్నకు ఏడుగురు చొప్పున 154 మంది ఉంటే బాగుంటుంది, వందకు తగ్గితే అసలు మొదలుపెట్టొద్దు. ఒక్కో ప్రశ్న మెట్లను విడిగా తూచే గ్రేడెడ్ రెస్పాన్స్ మోడల్ లాంటి లెక్కలకు ఐదారు వందలైనా కావాలి. దక్షిణ తెలంగాణ మొత్తం తిరిగినా అంతమంది సీఎఫ్ వాళ్లు దొరకరు. లోటు పూడ్చడానికి ఈఎన్‌టీ ఓపీలోని మామూలు సైనస్ రోగుల జవాబులతో ఏరుదామని ఎవరో ఒకరు అంటారు. వద్దు, అట్లా ఏరితే దగ్గు, అలసట మళ్లీ లోపలికి వస్తాయి. వాళ్లలో అవి నిజంగానే సైనస్ లక్షణాలు మరి.

తక్కువ మందితో చేయగలిగింది అర్థాన్ని బట్టి ఏరడం. 22 ప్రశ్నలకు ఎదురుగా నాలుగు నిలువు గడులు గీయండి: ఇది ముక్కు, సైనస్‌దేనా, సీఎఫ్‌లో ఇంకేదైనా దీన్ని పెంచుతుందా, సున్నా అన్నవాళ్లు ఎంతమంది, పక్క ప్రశ్నతో కోరిలేషన్ 0.7 దాటిందా. మొదటి రెండు గడులు ఈఎన్‌టీ డాక్టరు, ఛాతీ డాక్టరు, ఫిజియోథెరపిస్టు, ఇద్దరు ముగ్గురు రోగులు ఒకరినొకరు చూడకుండా విడివిడిగా నింపాలి. చివరి రెండూ మీ జవాబుల నుంచి వస్తాయి. రోగుల మాటకు బరువు ఎక్కువ ఇవ్వండి.

ఇట్లా చేస్తే చివరికి మిగిలేవి, నా అంచనాలో, ఇవి: ముక్కు మూసుకుపోవడం, చిక్కటి చీమిడి, గొంతులోకి దిగడం, చీదాల్సి రావడం, ముఖం నొప్పి లేదా బరువు, వాసన, రాత్రి నిద్ర సరిగ్గా లేకపోవడం. ఏడు. నిద్ర గుంపులో నాలుగు ప్రశ్నలుంటే ఒకటి చాలు. దానిలోనూ ఛాతీ కలుస్తుందని తెలిసే ఉంచుతున్నా, ఎందుకంటే రాత్రి నోటితో గాలి పీల్చేవాళ్లు పగటి ప్రశ్నలకు దొరకరు. చీదడం, చీమిడి రెండూ మీ దగ్గర బాగా కలిసిపోతే చీదడం తీసేసి ఆరు చేయండి. ముక్కు మూసుకుపోవడం, చీమిడి, ముఖం నొప్పి, వాసన: దీర్ఘకాల సైనస్ జబ్బును గుర్తించడానికి 2020 యూరప్ మార్గదర్శకం చూసే లక్షణాలూ ఇవే. ఈఎన్‌టీ వాళ్లతో మాట్లాడేటప్పుడు ఇది పనికొస్తుంది.

ఏరాక ఏడుగురు నుంచి పదిమంది రోగుల దగ్గర కూర్చుని ఒక్కో ప్రశ్న చదివి, "ఇది విన్నాక ఏం అర్థమైంది, మీ మాటల్లో చెప్పండి" అని అడగండి. "అర్థమైందా?" అని అడిగితే అందరూ అయిందనే అంటారు.

తర్వాతి దశలో అందరూ తప్పే చోటు ఒకటుంది. పాత పూర్తి ఫారాల నుంచి ఏడు జవాబులు తీసి కూడి, "ఇదే పొట్టి ఫారం స్కోరు" అంటారు. కాదు. 22 ప్రశ్నల మధ్యలో అడిగిన ముక్కు ప్రశ్నకూ, ఏడింటిలో మొదటిదిగా అడిగిన అదే ప్రశ్నకూ జవాబు వేరుగా వస్తుంది. పొట్టి ఫారాన్ని విడిగా, కొత్తగా అడగాలి. వచ్చేవాళ్లలో సగం మందికి పొట్టిది ముందు, పూర్తిది డాక్టరును చూశాక. మిగతా సగానికి తిరగేసి. "గత రెండు వారాల్లో" అన్న మాట రెండింట్లోనూ అట్లాగే ఉండాలి. మన దగ్గర రెండు వారాలు అంటే లెక్క తప్పుతుంది, "రెండు సంతల కిందటి నుంచి" అని గుర్తు చెప్పండి, వారం సంత జరిగే ఊళ్లో సంత రోజునే అడిగితే అది సరిగ్గా 14 రోజులు.

స్థిరత్వం చూడడానికి రెండు వారాల తర్వాత మళ్లీ అడగాలి. ఆ మధ్యలో యాంటీబయాటిక్ మారినవాళ్లను లెక్కలో పెట్టొద్దు. ఐసీసీ 0.7 దాటితే గుంపులను పోల్చడానికి చాలు. పాలమూరు నుంచి పనికి హైదరాబాద్, ముంబై పోయినవాళ్లు రెండు వారాలకు తిరిగి రారు, ఫోన్‌లో అడగండి. కానీ మొదటిసారి కూడా ఫోన్‌లోనే అడిగి ఉండాలి. ఎదురుగా ఒకసారి, ఫోన్‌లో ఒకసారి అయితే మారింది రోగమో పద్ధతో తెలియదు.

ఇంకో మాట, ప్రశ్నావళి పుస్తకాల్లో కనపడనిది. సీఎఫ్ వాళ్లను ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి ఫారాలు నింపించకండి. వాళ్ల మధ్య సూడోమోనాస్ లాంటి క్రిములు పాకుతాయి, కనీసం రెండు మీటర్ల దూరం ఉండాలి. ఒకరి పెన్ను, అట్ట, ట్యాబ్ ఇంకొకరికి ఇవ్వొద్దు. మెట్లు రాసిన అట్టకు ప్లాస్టిక్ తొడిగించండి, మనిషికీ మనిషికీ మధ్య తుడవండి.

పొట్టి స్కోరు నిజమేనా అని దేనితో సరిచూడాలి? సీటీలో సైనస్‌లు ఎంత నిండాయో కొలిచే లండ్-మకే స్కోరు (0–24) జోలికి పోకండి. సీఎఫ్‌లో దాదాపు అందరికీ అది ఎక్కువే ఉంటుంది, లక్షణాలతో సరిగ్గా కలవదు. పైగా పెరగని నుదుటి సైనస్‌కు ఎన్ని మార్కులు వేయాలన్నది రోజుకో వాదన. ఎండోస్కోపీలో పాలిప్, వాపు, చీమిడి మూడింటికీ ఒక్కో పక్క 0–2 వేసే, సవరించిన లండ్-కెన్నెడీ స్కోరు (మొత్తం 12) కొంత నయం. ఫారం చూడని డాక్టరు వేయాలి. జల్లెడ కాబట్టి అసలు ప్రశ్న ఒకటే: ఈఎన్‌టీ చూసి చికిత్స మార్చాల్సి వచ్చినవాళ్లలో ఎంతమందిని ఈ ఫారం పట్టింది? 20 మందిలో 18 మందిని పట్టిందనుకోండి, 90 శాతం అని రాసుకుంటారు. నిజానికి 95 శాతం నమ్మకం అవధి 68 నుంచి 99 దాకా ఉంటుంది. రెండు అంకెలూ పక్కపక్కనే రాయండి.

స్కోరుతో చేయకూడనివి రెండున్నాయి. ఏడు ప్రశ్నల మొత్తాన్ని 22/7తో గుణించి "స్నాట్-22కి సమానం" అనొద్దు. తీసిన ప్రశ్నలకు మిగతా వాటి సగటే వస్తుందని ఎవరు చెప్పారు? అట్లాగే 8.9ని 7/22తో గుణించి 2.8 మార్కుల మార్పు చాలనొద్దు. ఆ అంకె వేరే జనంలో, పూర్తి ఫారంతో వచ్చింది. రోగినే "పోయినసారి కన్నా ముక్కు ఎట్లుంది: బాగా నయం, కొంచెం నయం, అంతే, కొంచెం ఎక్కువ, బాగా ఎక్కువ" అని అడిగి, "కొంచెం నయం" అన్నవాళ్ల సగటు మార్పు తీసుకోండి. ఏడింట్లో ఒకటి ఖాళీ ఉంటే మిగతా ఆరింటి సగటు పెట్టొచ్చు, ఒకటి దాటితే స్కోరు వేయొద్దు.

పిల్లల విషయం క్లుప్తంగా. మన దగ్గర గుర్తించిన సీఎఫ్ వాళ్లలో పిల్లలే ఎక్కువ, స్నాట్ పెద్దవాళ్ల కోసం రాసింది. 2 నుంచి 12 ఏళ్ల వాళ్లకు తల్లిదండ్రులు జవాబిచ్చే ఎస్ఎన్-5 అనే ఐదు ప్రశ్నల ఫారం 2003 నుంచే ఉంది. నాలుగు వారాల బాధకు 1–7 మార్కులు. అది ఇప్పటికే పొట్టిది, స్నాట్‌ను కోసి పిల్లలకు పెట్టకండి. రెండింటి స్కోర్లను ఒకే పట్టికలో వేయకండి.

స్నాట్-22 హక్కులు సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీవి. వాడడానికీ, అనువదించడానికీ, ప్రశ్నలు తీసేయడానికీ అనుమతి అడగాలి. కోసిన ఫారాన్ని స్నాట్-22 అనే పేరుతో పిలవొద్దు. మీ సంస్థ ఎథిక్స్ కమిటీకి రెండు ఫారాలూ, తెలుగు ప్రతితో సహా, వెర్షన్ నంబరు, తేదీ అడుగున వేసి ఇవ్వండి.

ఇదంతా అయ్యేదాకా ఆ 20 నిమిషాల సంగతి ఏంటంటారా? ప్రశ్నకు 55 సెకన్లు పడుతున్నాయి, చదవడానికి పది సెకన్లు కూడా పట్టదు. మిగతా అంతా మెట్లు వివరించడానికే పోతోంది. వచ్చే క్లినిక్ రోజు మెట్ల అట్ట చేతికిచ్చి, ఫోన్‌లో టైమర్ పెట్టి, ఏ ప్రశ్న దగ్గర ఎంతసేపు ఆగారో ఫారం అంచున రాసుకోండి. నిమిషం దాటినవి నాలుగైదే ఉంటాయి. ముందు వాటి తెలుగు మార్చి, మళ్లీ టైమర్ పెట్టి చూడండి.